ముందు బ్రేకు

జూన్ 4, మంగళవారం

తెల్లవారుజాము నుంచి ముసురు. పెరట్లో బట్టల తీగ రెండు జానలు కిందికి దించి కట్టాను. మా ఆవిడ ఇప్పుడు ఒంటి చేత్తో ఆరేసుకోవాలి. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఆరు వారాలన్నాడు డాక్టరు. ఒక వారం అయింది.

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో పని సంగతులే రాశాను. ఏ కొట్లో ఏ కాటా ఎన్ని గ్రాములు తేడా చూపింది, ఎక్కడ అరిగింది, ఎలా సరిచేశాను, అంతే. ఇది వెనక పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. తేడా వచ్చినచోట రాసిపెట్టుకోవడం అలవాటైపోయింది.

పడింది ఇసుక వల్ల. ముందు ఆ సంగతి రాసుకోవాలి. కిందటి వారం సోమవారం పొద్దున ఆమెను కుట్టు యూనిట్ దగ్గర దింపడానికి వెళ్తున్నాం. మలుపు తిరగ్గానే ముందున్న వ్యాను ఆగింది. నేను బ్రేకు వేశాను. రోడ్డు మీద ఏదో లారీ కార్చుకుంటూ పోయిన ఇసుక ఉంది. వెనక చక్రం జారింది. నాకు మోకాలు గీరుకుపోయింది. ఆమెకు మణికట్టు విరిగింది. ఆ చోట ఎవరు నడిపినా పడేవాళ్లే.

ఈరోజు నుంచి ఆమె పనికి వెళ్తోంది. ఒంటి చేత్తో కుట్టలేదు కనక, కుట్టిన చొక్కాలకు గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే బల్ల దగ్గర కూర్చోబెడతారట. ఎనిమిదిన్నరకు బండి తుడిచి గేటు బయట పెట్టి, రెండు హెల్మెట్లూ సీటు మీద పెట్టాను. ఆమె వచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని, వస్తానండీ అని చెప్పి, బస్టాపు వైపు నడిచింది.

ఒక హెల్మెట్ లోపలికి తెచ్చి మేకుకు తగిలించాను.

జూన్ 5

ఎండ. బస్సులోనే వెళ్లింది.

జూన్ 6

బస్సు.

జూన్ 7, శుక్రవారం

ఉక్క. ఆమె తమ్ముడు వచ్చాడు. బండ్లు బాగుచేసే షెడ్డు అతనిది. వంగిన ఫుట్‌రెస్టు సరిచేస్తానని వచ్చి, చెప్పకుండా రెండు చక్రాలూ విప్పి పెరట్లో పరిచాడు. వెనక చక్రంలో బ్రేకు షూలు అట్టముక్కల్లా అరిగిపోయాయి. ముందు చక్రంవి రెండూ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"బావా, ఇవి బండితో వచ్చినవేనా?"

అవునన్నాను.

"పద్నాలుగేళ్లయింది కదా కొని. ఒక్కరోజన్నా పనికి పోని పెళ్లికొడుకుల్లా ఉన్నాయి."

ముందు బ్రేకు తీగ తుప్పు పట్టి ఉంది. దాన్ని బిగించే నట్టు చివరిదాకా వదులు చేసి ఉంది. ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాను. నేను సైకిలు నేర్చుకునే రోజుల్లో మా నాన్న ఒకటే మాట చెప్పాడు, ముందు బ్రేకు పడితే మూతిపళ్లు రాలతాయని. బండి నాకు ఎవరూ నేర్పలేదు. ఒక సెలవు రోజున పొద్దున ఎక్కాను, సాయంత్రానికి వచ్చేసింది. పొరపాటున చెయ్యి పడకుండా ముందు బ్రేకు ఆ రోజే వదులు చేసేశాను.

అతను వంటింటి వైపు చూసి గొంతు తగ్గించి, అక్కకు తెలుసా అన్నాడు. కాఫీ తాగుతావా అన్నాను.

కొత్త తీగ వేసి, నట్టు బిగించి వెళ్లాడు. వెళ్లాక నేను రెండు చుట్లు వదులు చేశాను. అలవాటు లేని చెయ్యి, ఎప్పుడు పడుతుందో తెలియదు. అయినా ఇసుక లేకపోతే వెనక బ్రేకే చాలేది.

జూన్ 10, సోమవారం

మబ్బు. లారీల కాటా సరిచేయడానికి గోదాము ఆవరణకు వెళ్లాను. మూడు నెలలకోసారి వెళ్లే చోటే. కాటా వెనక పెద్ద సిమెంటు మైదానం ఖాళీగా ఉంటుంది. దాన్ని డ్రైవింగ్ స్కూలు వాళ్లు అద్దెకు తీసుకున్నారట. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఒకమ్మాయి నలుగురికి బండి ఆపడం నేర్పుతోంది. వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవి వెనక సుద్దముక్క. నేల మీద గీత గీస్తుంది, బండి ఆగినచోట ఇంకో గీత గీస్తుంది. ఆపడం కూడా నేర్పుతారని నాకు తెలియదు.

నేను పని అయిపోయి నిలబడి చూస్తుంటే దగ్గరికొచ్చింది. బాబాయ్, మీరు ఏ బ్రేకు వేస్తారు అని అడిగింది. రెండూ అన్నాను. ఒకసారి చూపిస్తారా అంది. చూపించక తప్పలేదు. నలభై వేగంతో వచ్చి గీత మీద బ్రేకు వేశాను. వెనక చక్రం కీచుమని, తోక కుడివైపు తిరిగి, ఎలాగో ఆగింది. నా టేపుతోనే కొలిచాం. అరవై రెండు అడుగులు. నేర్చుకుంటున్న వాళ్లు ముప్పై ఆరు, ముప్పై ఎనిమిదిలో ఆగుతున్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. వంగి నా ముందు బ్రేకు లివరు పట్టి చూసింది. అది హ్యాండిల్‌ను తాకేదాకా వచ్చింది.

"మీ కుడి చెయ్యి నిద్రపోతోంది బాబాయ్."

స్పానరు నా సంచిలోనే ఉంది. అక్కడే, ఆ అమ్మాయి చూస్తుండగా, రెండు చుట్లు బిగించాను.

ఆ మైదానంలో ఇసుక లేదు. పొద్దున్నే ఊడ్చారు.

జూన్ 12, బుధవారం

నా షాపులో రెండు పెద్ద కాటాలు పక్కపక్కన పెట్టి, ముందు చక్రం ఒకదాని మీద, వెనక చక్రం ఇంకోదాని మీద ఎక్కించాను. నేను బండి మీద కూర్చున్నాను. ముందు డెబ్బై ఐదు కిలోలు, వెనక నూట ఎనిమిది. రెండు బ్రేకులూ పట్టుకుని, నన్ను వెనక నుంచి గట్టిగా తొయ్యమని బావమరిదికి చెప్పాను. నీకు ఎండదెబ్బ తగిలింది బావా అంటూనే తోశాడు.

ముందు తొంభై ఎనిమిది. వెనక ఎనభై ఐదు.

మళ్లీ తొయ్యమన్నాను. అంతే వచ్చింది. కాటాలు రెండూ నేను సరిచేసినవే, తప్పు చూపవు. బండి ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి పోతుంది. నేను పద్నాలుగేళ్లుగా తేలిపోతున్న చక్రానికి బ్రేకు వేసి, బరువు మోస్తున్న చక్రాన్ని వదిలేశాను. ముప్పై ఏళ్లుగా బరువుతో బతుకుతున్నవాణ్ణి.

తోసి తోసి చెమటలు కక్కిన బావమరిది, ఏం తేలింది అని అడిగాడు. చెప్పాను. ఈ మాత్రం దానికి నా నడుం ఎందుకు, అడిగితే నోటితోనే చెప్పేవాణ్ణిగా అన్నాడు.

గోదాము దగ్గర బండి నేర్పే ఆ అమ్మాయి దగ్గర చేరాను, ఇక్కడ సుద్దముక్క అనే రాసుకుంటాను. పొద్దున ఆరింటికి రమ్మంది. ఇంట్లో లారీల కాటా పని అని చెప్పాను.

జూన్ 15, శనివారం

58. 55. 60 అడుగులు. మూడోసారి ముందు బ్రేకు గభాలున పట్టేశాను. చక్రం బిగుసుకుని బండి ఊగింది. మా నాన్న మాట చెవిలో వినపడింది. పళ్లు ఉన్నాయి.

సుద్దముక్క నిదానంగా చెప్పింది. ముందు కాస్త పట్టండి, బరువు ముందుకు రానివ్వండి, వచ్చాక గట్టిగా పిండండి, వెనక బ్రేకు తోడు మాత్రమే. మీరు బ్రేకు వేస్తున్నారు బాబాయ్, అదే ఇబ్బంది, అంది.

దారంతా ఆ మాటే ఆలోచించాను. మా పనిలో తూనికరాయి పళ్లెంలో వేయకూడదు, పెట్టాలి. వేస్తే ముల్లు ఊగుతుంది, కాటా దెబ్బతింటుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు నేను చెప్పేది ఇదే. అందరూ బ్రేకు వేయడం అనే అంటారు. పెట్టాలి.

జూన్ 17

పెట్టాను. 51.

జూన్ 19, బుధవారం

49, 47, 47. ఆమె ఇంటికి వచ్చేసరికి ఏడుంబావు అవుతోంది. రెండు బస్సులు మారాలి, మధ్యలో నడక. నాతో వస్తే ఆరుంబావుకు ఇంట్లో ఉండేది. పాదాలు వాచాయి. వేడినీళ్లు పెట్టాను. థాంక్సు చెప్పింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు, ఎప్పుడూ చెప్పలేదు.

జూన్ 21, శుక్రవారం

43. నా ప్యాంటు అంచులకు రోజూ తెల్లపొడి అంటుతోందట. ఉతికేది ఆమే కదా. ఈ వయసులో బళ్లో చేరారా, పలక కొనమంటారా అని అడిగింది. లారీల కాటా దగ్గర సున్నం వేస్తున్నారన్నాను. పది రోజులుగా ఒకే కాటాను బాగుచేస్తున్నారంటే అది కాటా అయినా కాకపోవాలి, మీకు పనైనా రాకపోవాలి అంది.

కట్టు పడ్డాక ఆమె వేళాకోళం ఆడటం ఇదే మొదటిసారి. చెప్పేద్దామనుకున్నాను. ఇంకాస్త తగ్గాక చెబుదాం. ముప్పై ఆరుకు వచ్చాక.

జూన్ 24, సోమవారం

రాత్రి వాన పడి పొద్దున వెలిసింది. ఈరోజు ఆపడం కాదు, తప్పించడం. సుద్దముక్క మైదానంలో ఒక ఇటుక పెట్టి దాని పక్కనుంచి పొమ్మంది. రెండుసార్లూ ఇటుక మీదికే పోయాను. నా పక్కన నేర్చుకుంటున్న తపాలా ఆయన, ఇటుకకు మీరంటే ప్రాణంలా ఉంది సార్ అన్నాడు. గుంటను చూస్తూ ఉంటే బండి గుంటలోకే పోతుందట. ఒకసారి చూసి, తర్వాత పోవలసిన దారినే చూడాలి. మూడోసారి ఇటుక అవతలున్న స్తంభాన్ని చూశాను. ఇటుక తగల్లేదు.

మధ్యాహ్నం షాపు మూసి, ఇంటి నుంచి కుట్టు యూనిట్ దాకా నడిచి చూశాను. నాలుగున్నర కిలోమీటర్లు. మందుల షాపు ముందు రోడ్డుకు పైకి లేచిన ఇనుపమూత. పెట్రోలు బంకు బయట నూనె మరకలు, తడిస్తే అద్దమే. పాత సినిమాహాలు గోడ పక్కన పొడుగాటి గుంట, నీళ్లు నిండితే రోడ్డులాగే కనిపిస్తుంది. టైర్ల కొట్టువాడు బల్ల రోడ్డు మీదికి వేస్తాడు. బ్యాంకు ముందు కార్లు ఆగుతాయి, ఎవరు ఎప్పుడు తలుపు తెరుస్తారో తెలియదు. మలుపు దగ్గర ఇసుక.

రాసుకుంటుంటే ఒక్కటీ కొత్తగా అనిపించలేదు. మూత, నూనె, గుంట, బల్ల, తలుపు. ఒక్కోదానికి ఒక్కో మాట. అవన్నీ...

షాపుకు తిరిగి వచ్చేసరికి నాలుగైంది.

జూన్ 26

38. ఆగినప్పుడు బండి నిటారుగా ఉంది.

జూన్ 28, శుక్రవారం

వెనక మనిషి ఉంటే వేరేగా ఆపాలట. వెనక సీటులో ఎవరు కూర్చుంటారని సుద్దముక్క అడిగింది. మా ఆవిడ అన్నాను. బరువెంత అంది. యాభై ఎనిమిది అన్నాను. మా షాపు కాటా మీద చూసిందే. నన్నే ఒక మూట తయారుచేయమంది. గోదాము వెనక కుప్ప నుంచి ఇసుక ఎత్తి, గోనెలో పోసి, కచ్చితంగా యాభై ఎనిమిది కిలోలు తూచి, సీటుకు కట్టాను. ఇసుకే దొరికింది.

52. తర్వాత 45. వెనక బరువుంటే వెనక బ్రేకు కూడా మరికాస్త పనిచేస్తుంది, కానీ దూరం పెరుగుతుంది. అది అర్థమైంది.

మూట విప్పుతుంటే సుద్దముక్క మామూలుగా ఒక మాట అంది.

"మూట మాట్లాడదు బాబాయ్, మనిషి మాట్లాడుతుంది. మీకు కనపడనివి వెనకవాళ్లకు కనపడతాయి. వాళ్లని మాట్లాడనివ్వండి."

జూన్ 29

వాన. ఏమీ లేదు రాయడానికి.

జూన్ 30, ఆదివారం

వాన ఆగింది. నల్లా వాషరు మార్చాను. రెండుసార్లు పుస్తకం తెరిచి మూశాను.

రాయాలి. ఆ సోమవారం బయల్దేరినప్పటి నుంచి ఆమె చెబుతూనే ఉంది. మూత అంది. చూశాను అన్నాను. గుంట అంది. చూశాను అన్నాను. పద్నాలుగేళ్లుగా రోజూ జరిగేదే. ఆ రోజు ఒక కొట్టువాడితో పేచీ ఉండి చిరాకుగా ఉన్నాను. టైర్ల కొట్టు దగ్గర, బల్ల అంది. నేను అన్నాను, నోరు మూసుకుని కూర్చో, నడిపేది నువ్వా నేనా అని. గట్టిగానే అన్నాను. పక్కన సైకిలు మీద పోతున్నవాడు తిరిగి చూశాడు.

తర్వాత ఆమె మాట్లాడలేదు. బ్యాంకు దాటాం. మలుపు వచ్చింది.

కట్టు వేస్తున్నప్పుడు, ఇసుక కనపడలేదు అని నేను డాక్టరుతో చెబుతున్నాను. ఆమె గోడవైపు చూస్తూ అంది.

"నాకు కనపడింది. మీరు చెప్పొద్దన్నారు కదా."

ఇది నాలుగో తేదీనే రాయాల్సింది. ఇసుక అని రాశాను. తర్వాత బ్రేకు అని రాశాను. రెండూ నిజమే. కాటా తప్పు చూపిస్తే ముందు పళ్లెం కింద ఏం ఇరుక్కుందో చూడమని నేనే అందరికీ చెబుతాను.

ఆమెను ఇసుకమూటను చేసి కూర్చోబెట్టాను. పడ్డప్పుడు మూట పడ్డట్టే పడింది, అరవలేదు కూడా.

జూలై 3

36 అయింది. అనుకున్నంత సంతోషం లేదు.

జూలై 8, సోమవారం

కట్టు తీశారు. చెయ్యి పాలిపోయి సన్నగా ఉంది. రబ్బరు బంతి పిసకమన్నాడు డాక్టరు. దారిలో కొన్నాను, పచ్చరంగుది. ఆటోలో వచ్చాం. ఆమె బంతి పిసుకుతూ బయటికి చూస్తోంది. బ్యాంకు ముందు ఎవరో కారు తలుపు తెరిచారు. ఆమె పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

జూలై 11, గురువారం

తెల్లవారి చల్లగా ఉంది. నిన్న భోజనాల దగ్గర చెప్పాను, రేపు పొద్దున నాతో ఒకచోటికి రావాలి, బండి ఎక్కక్కర్లేదు, బస్సులో రా అని. సున్నం చోటికేనా అంది. అవునన్నాను.

వచ్చింది. సుద్దముక్క ఆమెకు కుర్చీ వేసింది. కూర్చోలేదు, గీత పక్కన నిలబడింది. నేను ఆ చివరి నుంచి నలభైలో వచ్చాను. సుద్దముక్క ఎప్పుడూ గీత దగ్గర ఆపమంటుంది. ఈసారి చెప్పాపెట్టకుండా, గీతకు చాలా ముందే ఎర్రగుడ్డ ఎత్తింది. చెయ్యి దానంతట అదే మెల్లగా పట్టి, తర్వాత గట్టిగా పిండింది. బండి తిన్నగా ఆగింది. ముప్పై ఏడు.

ఆమె నడుచుకుంటూ వచ్చింది. వెనక చక్రం చూసి, నేల మీద జారిన మరక ఉందేమోనని చూసింది. లేదు. ముందు బ్రేకు లివరు పట్టుకుని నొక్కింది. బంతి పిసికే చెయ్యి అదే.

"ఇది పనిచేస్తుందా?"

"ఇప్పుడు చేస్తుంది."

"ఇంతకుముందు?"

"వదులు చేశాను. బండి కొన్న రోజే."

ఆమె లివరు వదిలేసింది. సుద్దముక్క అవతలికి వెళ్లి ఎవరికో ఏదో చెబుతున్నట్టు నటించింది. నేను హెల్మెట్ తీశాను.

"బ్రేకు కంటే ముందు ఇంకోటి ఉంది. నోరు మూసుకోమన్నాను. తప్పు నాది."

ఆమె ఆ గీతలు చూస్తూ అడిగింది.

"మీ పుస్తకంలో రాసుకున్నారా అది?"

"రాశాను."

"ఎన్ని రోజులకి?"

"ముప్పై నాలుగు."

"ఆగడానికి బాగానే పట్టింది" అంది.

బస్సులోనే పనికి వెళ్లింది. వెళ్లేముందు సుద్దముక్కతో, మావారు ఎలా నేర్చుకున్నారమ్మా అని అడిగింది. ఇటుకను రెండుసార్లు గుద్దారండి అని ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. గేటు దాటేదాకా ఆమె భుజాలు నవ్వుతో కదులుతూనే ఉన్నాయి.

జూలై 12

బస్సు. బస్టాపు దాకా తోడు వెళ్లాను. దారంతా మాట్లాడింది.

జూలై 15, సోమవారం

రాత్రంతా కురిసి పొద్దున వెలిసింది. చెట్లు కారుతున్నాయి. అలవాటు ప్రకారం బండి తుడిచి గేటు బయట పెట్టాను. ఒక హెల్మెటే పెట్టాను, అడిగినట్టు ఉండకూడదని. ఆమె సంచి తగిలించుకుని వచ్చింది. వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది. గొడుగు కోసం అనుకున్నాను. మేకు మీద హెల్మెట్ తీసిన చప్పుడు వినపడింది.

ఎక్కి కూర్చుని, ఎడమ చేత్తో నా భుజం పట్టుకుంది. పట్టు ఇంకా బలంగా లేదు. నిదానంగా బయల్దేరాను. మందుల షాపు వచ్చింది. మూత నాకు కనపడింది. ఆమె ఏమీ అనలేదు. బంకు దాటాం, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అడగడానికి నాకేం హక్కుంది. సినిమాహాలు గోడ మొదలైంది. నీళ్లు నిండి రోడ్డంతా ఒకేలా ఉంది.

"గుంట" అంది.

నాకు ముందే తెలుసు. చూశాను అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆఁ అన్నాను. కుడికి జరిగి, గోడ చివర కనపడుతున్న స్తంభాన్ని చూస్తూ పోయాను. బల్ల అంది. ఆఁ అన్నాను. బ్యాంకు ముందు వరసగా నాలుగు కార్లు ఉన్నాయి. నా చూపు మొదటి రెండింటి మీద ఉంది.

"తలుపు. మూడోది."

మూడో కారు తలుపు అప్పుడే కదిలింది. నాకు అది కనపడటం, చెయ్యి పిండటం ఒకేసారి జరిగాయి. తడిరోడ్డు కనక కొంచెం కొంచెంగా పెట్టాను. బండి తిన్నగా ఆగింది. ఆమె హెల్మెట్ నా హెల్మెట్‌కు టక్కున తగిలింది. తలుపుకూ మాకూ మధ్య మనిషి నిలబడేంత చోటు ఉంది. కారులోంచి దిగినాయన చెయ్యెత్తి దండం పెట్టాడు.

కొలవలేదు. టేపు సంచిలోనే ఉంది.

నా భుజం మీద ఆమె వేళ్లు బంతిని పిసికినట్టు బిగిశాయి. తర్వాత వదులయ్యాయి.

"పోనివ్వండి, ఆలస్యమవుతోంది. ముందు మలుపు. ఇసుక ఉంది."

సాయంత్రం ఆరుంబావుకు ఇంట్లో ఉన్నాం. రేపటి నుంచి మిషను మీద కూర్చోమన్నారట. ఆ బట్టల తీగ ఇంకా ఎన్నాళ్లు అలా కిందికి పెడతారు, దుప్పట్లు నేలను తాకుతున్నాయి అంది. ఇప్పుడే కడతాను అన్నాను. పాత మేకు తుప్పు పట్టింది, కొత్తది కొట్టాలి. స్టూలు తనే తెచ్చి పెరట్లో పెట్టి పిలుస్తోంది. సుత్తి తీసుకుని వెళ్తున్నాను.